అరవై ఒక్క రోజుల బాకీ

రంజాను నెలలో ముస్లిములు వుండే ఉపవాసాన్ని మా వైపు పల్లెల్లో ‘ఒక్కపొద్దు’ అంటారు. శివరాత్రికీ అదే మాట, శనివారానికీ అదే మాట. “సాయబుల ఒక్కపొద్దులు ఎన్నడు మొదలైతయి?” అని అడిగే ముసలమ్మలు జనగామ చుట్టుపక్కల వూళ్ళలో ఇంకా వున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నా దృష్టి ముందుగా మాటలమీదికే పోతుంది. ఒక్కపొద్దులోని పొద్దు అంటే దినం. ఉర్దూవారు ఉపవాసాన్ని రోజా అంటారు. అది పారసీ మాట. ఆ భాషలో రోజ్ అన్నా దినమే. మనం పొద్దున లేచిన దగ్గర్నుంచీ వాడుకునే ‘రోజు’ కూడా అక్కడినుంచి వచ్చిందే. ఒకరు పొద్దు అన్నారు, ఒకరు రోజు అన్నారు. ఇద్దరూ దినానికే ఉపవాసమని పేరు పెట్టుకున్నారు.

మరొక ముచ్చట కూడా చెప్పాలి. సాయంత్రం ఖర్జూరం నోట వేసుకుని ఉపవాసం ముగించటాన్ని ఉర్దూలో రోజా ‘ఖోల్నా’ అంటారు. అంటే తెరవటం. నడిమధ్యలో కావాలని తినేస్తే రోజా ‘తోడ్నా’, అంటే విరగగొట్టటం. తలుపును తీయటానికీ బద్దలుకొట్టటానికీ ఎంత తేడానో ఈ రెండింటికీ అంత తేడా. మనవాళ్ళు కూడా ఒక్కపొద్దు ‘విడిచాను’ అనేది వేరు, ‘తప్పాను’ అనేది వేరు.

తెరవటం సంగతి అందరికీ తెలిసిందే. రంజాను వచ్చిందంటే హలీము బట్టీలూ, ఇఫ్తారు విందులూ, పండుగనాటి సేమ్యా పాయసం, ఇవన్నీ ఇరుగుపొరుగులుగా మనం అనుభవిస్తున్నవే. విరగగొట్టినవాడి సంగతి మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. అతనికొక ప్రాయశ్చిత్తం వుంది. దాని పేరు కఫ్ఫారా. నేను కొన్నాళ్ళు భూపాలపల్లిలో పాఠాలు చెప్పి జనగామకు వచ్చినవాణ్ణి. మా అత్తవారిది మహబూబాబాదు, అంటే మా పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ మానుకోటే. 2016 అక్టోబరుదాకా ఈ మూడూ ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. ఈ కఫ్ఫారా నా కంటపడింది భూపాలపల్లిలో ఒకసారి, మానుకోటలో ఒకసారి. ఆ రెండు సంగతులూ చెప్పేముందు దీని కట్టుబాట్లు కాస్త చెప్పక తప్పదు.

ముందు మినహాయింపులు. రోగికి రోజా విధి కాదు. ప్రయాణంలో వున్నవాడికి కాదు. గర్భిణికీ బాలింతకూ బిడ్డకో తనకో కీడు జరుగుతుందన్న భయం వుంటే వెసులుబాటు వుంది. నెలసరి దినాలలో స్త్రీలు వుండనే కూడదు. వీళ్ళంతా తప్పిపోయిన రోజులను తర్వాత వీలు చూసుకుని ఒకటికి ఒకటిగా తీర్చుకుంటారు. దానిని కజా అంటారు. ఇక ఎన్నటికీ కోలుకోలేని రోగి, పండు ముసలి, తీర్చుకునే శక్తి ఇక రాదనుకున్నవాళ్ళు రోజుకొక పేదవాడికి అన్నం పెడితే సరిపోతుంది. అది ఫిదియా. దేవుడు మీకు సులువునే కోరతాడు గాని కష్టాన్ని కాదన్న అర్థం వచ్చే మాట ఖురానులో ఈ ఉపవాసాల ప్రస్తావన దగ్గరే వుంది. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారు గత శతాబ్దం మొదటి సగంలోనే ఖురానును తెలుగు చేశారు. ఇటువంటి సంగతులు మన భాషలో చదువుకునే భాగ్యం మనకు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు.

మరచిపోయి తింటే? ఏమీ లేదు. రోజా వున్న సంగతే మరచి, పప్పూ పచ్చడీ కలుపుకుని కడుపునిండా తిన్నా సరే, గుర్తు రాగానే చెయ్యి కడుక్కుని రోజా కొనసాగించవచ్చు. అది దేవుడు పెట్టిన విందు అంటారు. ముఖం కడుక్కునేటప్పుడు, రోజా సంగతి గుర్తున్నా, చేయిజారి ఒక గుక్క లోపలికి పోతే మాత్రం మా ప్రాంతంలో అనుసరించే ధర్మం ప్రకారం ఆ ఒక్క రోజును మళ్ళీ తీర్చుకోవాలి. అంతే.

ఇవేవీ కాకుండా, ఒంట్లో బాగానే వుండి, వూళ్ళోనే వుండి, తెల్లవారకముందే సంకల్పం చెప్పుకుని, రంజాను నెల పట్టపగలు తెలిసి తెలిసి రోజాను విరగగొడితే అప్పుడు వస్తుంది కఫ్ఫారా. ఒక బానిసకు స్వేచ్ఛ ఇవ్వాలి. అది సాధ్యం కాకపోతే వరసగా రెండు నెలలు ఉపవాసం వుండాలి. అదీ చేతకాకపోతే అరవైమంది పేదలకు అన్నం పెట్టాలి. దీనితోపాటు విరిగిపోయిన ఆ ఒక్క రోజు ఎలాగూ వుంది. జరిమానా కడితే అసలు మాఫీ కాదు కదా! కాబట్టి లెక్క అరవై కాదు, అరవై ఒకటి.

పోల్చి చూస్తే దీని బరువు తెలుస్తుంది. దేవుని పేర ఒట్టు పెట్టుకుని తప్పినవాడికి ఖురాను చెప్పిన పరిహారం పదిమంది పేదలకు తిండి, లేదా బట్టలు, లేదా ఒక బానిసకు విడుదల. ఏదీ చేతకాకపోతే మూడు రోజుల ఉపవాసం. ఒట్టు తప్పితే పదిమంది, ఒక్కపొద్దు తప్పితే అరవైమంది! నన్నడిగితే ఒట్టు తప్పటమే పెద్ద నేరమనేవాణ్ణి. కాని నన్నెవరు అడిగారు?

పండితులందరూ దీనిమీద ఏకాభిప్రాయంతో లేరు. షాఫయీ, హంబలీ సంప్రదాయాలవారు పగటివేళ దాంపత్య నియమం తప్పినవాడికే కఫ్ఫారా అన్నారు. తిన్నా తాగినా పశ్చాత్తాపపడి ఆ రోజును తీర్చుకుంటే చాలునన్నారు. హనఫీ, మాలికీ సంప్రదాయాలవారు తిండికీ నీళ్ళకూ కూడా కఫ్ఫారా తప్పదన్నారు. మన తెలంగాణ ముస్లిములలో ఎక్కువమంది హనఫీలు. హైదరాబాదు బార్కాసులో స్థిరపడిన అరబ్బు సంతతివారిలో షాఫయీలు వున్నారు. అంటే ఒక కప్పు టీకి ఇక్కడ అరవై ఒకటి, అక్కడ ఒకటి. ఇదేమి చోద్యమని నవ్వుకోబోయేవారు మన ఏకాదశి నిర్ణయంలో స్మార్తులకూ వైష్ణవులకూ ఏటా వచ్చే తేడాను ఒక్కసారి తలచుకోవాలి.

హనఫీ గ్రంథాలలో ఒక చిత్రమైన సంగతి వుంది. రోజా వున్నవాడు ఒక రాయి మింగాడనుకోండి. రోజా పోతుంది, ఆ రోజుకు బదులు మరో రోజు వుండాలి. కాని కఫ్ఫారా లేదు. ఎందుకంటే రాయిని ఎవరూ ఇష్టపడి తినరు. అదే ఒక ఖర్జూరం తింటే కఫ్ఫారా. ఈ శిక్ష కడుపులోకి ఏదో పోయినందుకు కాదన్నమాట. మనసు కోరినదానికి చెయ్యి చాచినందుకు. ఇది చదివినప్పుడు ఆ ధర్మశాస్త్రవేత్తలు మనుషులను బాగా ఎరిగినవాళ్ళేననిపించింది.

కఫ్ఫారా అన్న మాటకు అరబ్బీలో మూలం కప్పటం. చేసిన తప్పును కప్పేది కఫ్ఫారా. అదే ధాతువునుంచి, సత్యాన్ని కప్పిపుచ్చేవాడన్న అర్థంలో ‘కాఫిర్’ కూడా వచ్చింది. ఇంకా విచిత్రమేమంటే ఖురానులో ఒకచోట ఆ మాట బహువచనం రైతులన్న అర్థంలో వస్తుంది. విత్తనాన్ని మట్టితో కప్పేవాడు గదా రైతు! మన ప్రాయశ్చిత్తానికి పెద్దలు చెప్పే వ్యుత్పత్తి వేరు. ప్రాయమంటే తపస్సు, చిత్తమంటే నిశ్చయం. మనవాళ్ళు మనసు గట్టిపరచుకోమన్నారు, వాళ్ళు మట్టి కప్పమన్నారు. కప్పిన మట్టిలోనుంచి ఏదో ఒకటి మొలవకపోదు.

ఇక ఈ కఫ్ఫారా ఎక్కడ పుట్టిందో చెప్పాలి. ఉపవాసాలు విధిగా ఏర్పడింది హిజ్రీ రెండో ఏట, అంటే క్రీ. శ. 624లో. ఆ తర్వాతి ముచ్చట ఇది. అబూ హురైరా చెప్పగా బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు మహాపండితులు తమ సంకలనాలలో చేర్చుకున్నారు. కథలాగా వుంటుంది గాని నాకు తెలిసిన కథలలో ఇంత మంచి ముగింపు వున్నవి తక్కువ.

మదీనాలో మహమ్మదు ప్రవక్త తనవాళ్ళతో కూర్చుని వుండగా ఒక మనిషి వచ్చి, నేను నాశనమైపోయానని మొత్తుకున్నాడు. ఏమైందని అడిగారు. రంజాను పగలు భార్య దగ్గర నియమం తప్పానన్నాడు. ఒక బానిసను విడిపించగలవా అని ప్రవక్త అడిగాడు. నావల్ల కాదన్నాడు. వరసగా రెండు నెలలు ఉపవాసం వుండగలవా అని అడిగాడు. వుండలేనన్నాడు. అరవైమంది పేదలకు అన్నం పెట్టగలవా? అదీ లేదన్నాడు. ఇంక అడగటానికేముంది? అతను అక్కడే కూర్చుండిపోయాడు. ఇంతలో ఎవరో ఒక పెద్ద బుట్టెడు ఖర్జూరాలు తెచ్చి ఇచ్చారు. ఇందాకటి మనిషి ఎక్కడని పిలిచి, ఇవి పట్టుకుపోయి దానం చెయ్యమన్నాడు ప్రవక్త. ఆ మనిషి కదలలేదు. నాకంటె పేదవాడికి ఇవ్వాలా, ఈ వూరికి అటూ ఇటూ వున్న నల్లరాతి బయళ్ళ మధ్య మా ఇంటికంటె పేద ఇల్లు లేదు గదా అన్నాడు! అది విని ప్రవక్త పళ్ళు కనబడేటట్టు నవ్వాడట. అయితే పో, మీ ఇంటివాళ్ళకే పెట్టుకో అన్నాడట.

శిక్ష వేయించుకోవటానికి వచ్చినవాడు బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయాడు. ఆ మీద అతని బాకీ మాఫీ అయినట్టా, చేతనైననాడు తీర్చమని వాయిదా పడినట్టా అని పండితులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. వాయిదాయేనన్నది ఎక్కువమంది మాట. ఆ వాదాన్ని వాళ్ళకే వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆ మనిషిని ఎవరూ పట్టుకు రాలేదు. చూసినవాడు లేడు, సాక్షి లేడు. నాలుగు గోడల మధ్య జరిగినదానిని తనంత తాను వచ్చి చెప్పాడు. మూడు ప్రశ్నలకూ అతను చెప్పిన జవాబును ఎవరూ విచారించలేదు. లేదంటే లేదనే నమ్మారు. కఫ్ఫారా యంత్రాంగమంతా, అది యంత్రాంగమైతే, ఈ నమ్మకంమీదే నడుస్తుంది. నేరస్థుడూ అతనే, ఫిర్యాదీ అతనే, సాక్షీ అతనే.

మూడింటిలో మొదటిది ఇవాళ చెయ్యటానికే లేదు. మనదేశంలో కుంఫిణీవారి పాలనలోని ప్రాంతాల్లో బానిసత్వానికి చట్టం అండ 1843లో తీసివేశారు. సౌదీ అరేబియా రాజ్యంలో 1962లో రద్దయింది. కాబట్టి ఇప్పుడు మిగిలినవి ఉపవాసమూ, అన్నదానమూ. వీటిలో ఏది సులువైతే అది ఎంచుకుందామంటే హనఫీ ధర్మంలో కుదరదు. వుండగలిగినవాడు వుండవలసిందే. డబ్బున్నవాడు అరవైమందికి భోజనాలు పెట్టించి చేతులు దులుపుకుంటానంటే ఒప్పుకోరు. మన కృచ్ఛ్రాలకూ చాంద్రాయణాలకూ బదులు గోదానాలు ఏర్పాటు చేసిన స్మృతికర్తలు ఈపాటి పట్టుదల చూపించి వుంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. చంద్రుడితోపాటు ముద్దలు తగ్గించుకుంటూ పెంచుకుంటూ నెలరోజులు చేసే చాంద్రాయణం సామాన్యమైనదా? చేసేవాళ్ళు చేశారు, మిగతావాళ్ళు ఆవును వెతుక్కున్నారు.

రెండు నెలల వరస అంటే వరసే. నడుమ ఒక్క రోజు పోయినా మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాలి. హనఫీలలో జబ్బుచేసి మానినా వరస తెగినట్టే. స్త్రీలకు నెలసరి దినాలు మాత్రం వరసను తెంపవు; అవి కాగానే ఆపినచోటనుంచి అందుకోవాలి. పైగా రంజాను పండుగనాడూ, బక్రీదునాడూ, బక్రీదు తర్వాతి మూడు రోజులూ ఉపవాసం నిషిద్ధం. అవి నడుమ తగలకుండా చూసుకోవాలి. రంజాను పండుగకూ బక్రీదుకూ మధ్య సుమారు అరవై ఏడు రోజులే వుంటాయి. పండుగ మర్నాడే మొదలుపెడితే గట్టెక్కవచ్చు. వారం పైగా తాత్సారం చేస్తే బక్రీదు అడ్డం వస్తుంది.

ఈ లెక్కలన్నీ నేను నేర్చుకున్నది భూపాలపల్లిలో నా దగ్గర డిగ్రీ చదివిన ఒక కుర్రవాడి వల్ల. తప్పును చాటుకోకూడదని వారి పెద్దల మాట. అందుకని అతని ఆనవాళ్ళు కొన్ని మార్చి, అతని అనుమతితోనే రాస్తున్నాను.

తండ్రి బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయినవాడు. 2018లో రంజాను మే నడిమధ్యలో వచ్చింది. బొగ్గుగనుల వూళ్ళో మే నెల ఎండ ఎట్లా వుంటుందో అక్కడ వున్నవాళ్ళకే తెలుసు. కుర్రవాడు సెలవుల్లో నాలుగు డబ్బులు వస్తాయని ఒక కాంట్రాక్టరు దగ్గర లారీల లెక్క రాసే పనికి కుదిరాడు. పదిరోజులు రోజాతోనే పనికి పోయాడు. పదకొండోనాడు పొద్దున పదిన్నర వేళ, తోటివాళ్ళు టీ కొట్టు దగ్గర చేరి, ఇక్కడ నిన్నెవడు చూస్తడురా అని ఎగతాళి పట్టించారు. మొగవాడివైతే తాగమన్నారు. తాగాడు. రెండు సమోసాలు కూడా తిన్నాడు. సాయంత్రం ఇంటికి పోయి తల్లి పెట్టిన ఇఫ్తారు పళ్ళెం ముందు కూర్చున్నాడు. అక్కడ ఖర్జూరం గొంతు దిగలేదట.

నాలుగు రోజులు నలిగి, మసీదులో నమాజు చేయించే ఇమాముగారి దగ్గరకు ఒంటరిగా పోయాడు. ఆయన విని ముందడిగినది ఒకటే ప్రశ్న. ఎండకు తట్టుకోలేకపోయావా, కళ్ళు తిరిగాయా, ఒళ్ళు చెడుతుందనిపించిందా అని. ఎందుకంటే ప్రాణంమీదికి వస్తుందన్న భయంతో విరగగొట్టినవాడికి కఫ్ఫారా లేదు. ఒక్క రోజు తీర్చుకుంటే చాలు. మే నెల, బొగ్గు దుమ్ము, నలభై దాటిన ఎండ. అవునంటే ఎవరు కాదంటారు? ఆయనకు అడగటమే తెలుసు గాని ఆనాడు ఆ పిల్లవాడి గొంతు ఎంత ఎండిందో తెలిసే మార్గం లేదు. అవునంటే ఒక్కటి, కాదంటే అరవై ఒకటి.

“దూప గాలేదు సార్,” అన్నాడు నాతో ఆ తర్వాత ఎప్పుడో. “దూపయితే దూపయిందనే చెప్తుంటి. ఆల్లు నవ్విన్రని తాగిన.”

ఇమాముగారికీ అదే చెప్పాడు. ఆయన కోప్పడలేదట. లెక్క చెప్పి, పండుగ మర్నాడు మొదలుపెట్టమని పంపించాడట.

జూన్ నడుమ పండుగ అయింది. మర్నాటినుంచి మొదలుపెట్టాడు. వూరంతా రోజా వున్ననాడు వుండటం ఒక ఎత్తు. అందరూ లేస్తారు, అందరూ వండుతారు, మసీదు మైకులో పిలుపు వస్తుంది. వూరంతా తింటున్ననాడు ఒక్కడూ వుండటం మరో ఎత్తు. ఇంట్లో ఏమి చెప్పాలి? తండ్రికి చెప్పే ధైర్యం లేక తల్లికి చెప్పాడు. ఆమె ఏమీ అనకుండా గడియారంలో మూడున్నరకు అలారం పెట్టిందట. ఆ ఇంటికి నేను రెండుమూడుసార్లు పోయాను. మీరెందుకక్కా వాడితోపాటు నిద్ర చెడగొట్టుకుంటారని అడిగాను.

“ఒక్కడే లేచి తింటే ముద్ద దిగుతదా సారూ?” అన్నది ఆమె. “నేను గూడ ఇంత తిని రోజా వుంటున్న. నాకు పుణ్యమే గద, బాకీ వానిది.”

వంటింటి క్యాలెండరుమీద రోజుకొక గీత పెట్టేవాడు. ముప్పైతొమ్మిది గీతలు పడ్డాయి. నలభయ్యోనాడు జ్వరం. జూలై ఆఖరు, వానలు, భూపాలపల్లిలో ఇంటికొకరు మంచాన పడ్డ రోజులు. డాక్టరు గ్లూకోసు పెట్టాలన్నాడు. రెండు రోజులు మొండికేశాడట, నాలుకమీద మాత్ర వెయ్యనివ్వకుండా. మూడోనాడు తల్లే బలవంతంగా పాలు పట్టించింది. వరస తెగింది. ముప్పైతొమ్మిదీ పోయాయి. పోయాయంటే ఆ పుణ్యం ఎక్కడికీ పోదు, కాని బాకీలో జమపడవు.

ఆ మాట విన్ననాడు నాకు ఆ ధర్మంమీద కోపం వచ్చిన మాట నిజం. పిల్లవాడు జ్వరం కావాలని తెచ్చుకున్నాడా? హంబలీలైతే జబ్బును సాకుగా ఒప్పుకుని, ఆపినచోటనుంచి సాగించవచ్చునన్నారు. ఆ సంగతి నేను ఎక్కడో చదివి గొప్పగా చెప్పబోయాను కూడా. కుర్రవాడు విని నవ్వాడు. “ఒక్కపాలి తప్పిచ్చుకునే సందు దొరికిందనే సార్ ఇదంత అయ్యింది. మల్ల ఇంకో సందెందుకు?” అన్నాడు.

ఆగస్టులో బక్రీదు అయింది. చలికాలందాకా ఆగమని ఇమాముగారే సలహా చెప్పారు. చలికాలంలో పగలు చిన్నది. మే నెలతో పోలిస్తే మనవైపు రోజాకు రెండు గంటలు తగ్గుతుంది. ఆపటం నేరం కాదు, కొలత తగ్గించటం లేదు గదా. నవంబరులో మళ్ళీ ఒకటో గీత పడింది. మళ్ళీ మూడున్నరకు, చలికి నాలుగున్నరకు, అలారం. ఈసారి తండ్రికి కూడా తెలిసింది. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు గాని, పొద్దున బజారుకు పోయి పాలు తెచ్చే పని తనమీద వేసుకున్నాడట. జనవరిలో అరవై నిండాయి. మర్నాడే అరవై ఒకటోది, అసలుది, కూడా తీర్చేశాడు. ఆ సాయంత్రం నన్ను ఇఫ్తారుకు పిలిచారు. పళ్ళెంలో ఖర్జూరాలతోపాటు రెండు సమోసాలు పెట్టింది తల్లి. కావాలనే పెట్టిందేమో అడగలేదు.

ఇక్కడ మా పోతన్న గుర్తుకు రాకుండా వుండడు. బమ్మెర మా జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో వుంది. ఒంటిమిట్టవారు ఈ వాక్యం చూసి కోపగించుకోకుందురు గాక. భాగవతం నవమ స్కంధంలో అంబరీషుడి కథ వుంది. ఏడాదిపాటు ద్వాదశీవ్రతం చేసి, మూడు రాత్రులు ఉపవసించి, పారణకు కూర్చోబోతుండగా దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని నదికి పోయి రాకుండా వుంటాడు. ద్వాదశి గడియలు దాటితే వ్రతభంగం, అతిథికంటె ముందు తింటే పాపం. పెద్దలు ఆలోచించి, నీళ్ళు పుచ్చుకుంటే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందన్నారు. అంబరీషుడు గుక్కెడు నీళ్ళు తాగాడు. పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆ ఉపాయం నాకు ముచ్చటగానే వుండేది. ఇటువైపు ఆ సందు లేదు. నీటిచుక్క కూడా తిండే. కాని సమయమైతే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా విడవాలన్న తొందర మాత్రం పారణకూ ఇఫ్తారుకూ ఒకటే.

మానుకోట సంగతి ఇంకొకటి వుంది. మా అత్తవారి వీధిలో ఒక పెద్దావిడ వున్నది. పిల్లలంతా దాదీమా అంటారు, పిల్లలను చూసి పెద్దలూ అదే అంటారు. ఆమె కూడా ఎప్పుడో ఒక రోజాను విరగగొట్టుకున్నది. కొత్తకోడలుగా వచ్చిన ఏడు, అత్తగారు ఏదో మాటంటే, పట్టపగలు వంటింటి తలుపు వేసుకుని రాత్రి మిగిలిన రొట్టె తినేసిందట. ఆకలికి కాదు, కోపానికి. నలభై ఏళ్ళు ఆ సంగతి భర్తకు కూడా తెలియదు. ముందు పిల్లలు, తర్వాత సంసారం, రేపు వుందాం మాపు వుందామంటుండగా అత్తగారు పోయింది, ఆయన పోయాడు, చక్కెర జబ్బు వచ్చింది. రెండుపూటలా ఇన్సులిన్ సూదులు. అరవై రోజుల మాట ఎత్తితే డాక్టరు చెయ్యెత్తి దండం పెట్టాడు. అప్పుడు కూతురికి చెప్పి, కూతురిచేత మౌల్వీగారిని అడిగించింది. నిజంగా వుండలేని స్థితి గనుక అరవైమందికి అన్నం పెట్టమన్నాడు ఆయన.

దానికీ పద్ధతి వుంది. హనఫీలలో ఒక్కొక్కరికి రెండుపూటలా కడుపునిండా పెట్టాలి. లేదా ఒక్కొక్కరికి ఇంతని గోధుమలో, దాని ఖరీదో ఇయ్యవచ్చు. ఒకేనాడు ఒకే మనిషికి అరవైమంది వాటా కట్టబెడితే చెల్లదు. కాని ఒకే పేదవాడికి అరవై రోజులు పెడితే చెల్లుతుంది. పుచ్చుకునేవారు ముస్లిములే కావాలా అన్నదానిమీద హనఫీ పెద్దలలోనే రెండు మాటలున్నాయి. అబూ హనీఫా ఇతరులకూ ఇవ్వవచ్చునన్నాడు, శిష్యుడు అబూ యూసుఫ్ కాదన్నాడు.

కొడుకులు హైదరాబాదులో వున్నారు. ఒక్క ఫోనుతో ఏ మదర్సాకో డబ్బు పంపిస్తే సాయంత్రానికి పని అయిపోతుందన్నారు. అది ధర్మమే. దాదీమా మాత్రం ఒప్పుకోలేదు. నేను విరిచిన రొట్టె నేను కాల్చినదే, ఇదీ నేనే కాలుస్తానన్నదట. రైల్వేస్టేషను దగ్గర వుండే ఒక ముసలాయనను కుదుర్చుకున్నది. రెండుపూటలా ఇంటికి రమ్మన్నది. పొద్దున రొట్టె, కూర. సాయంత్రం అన్నం, పప్పు, శుక్రవారాలు ఒక ముక్క మాంసం. మా ఆవిడ పుట్టింటికి పోయినప్పుడల్లా ఈ వంట సంగతులు మోసుకొచ్చేది. ఒకనాడు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే కూతురు వండబోయిందట. ఉప్పు వెయ్యటానికైనా నన్ను పొయ్యి దగ్గరకు తీసుకుపొమ్మని పట్టుబట్టిందట.

నేనొకసారి పోయినప్పుడు ఆ తాత అరుగుమీద కూర్చుని తింటున్నాడు. తనకు ఎవరి బాకీ ఎందుకు తీరుతున్నదో ఆయనకు చెప్పలేదు. “తెలిస్తే ఇంత సంతోషంగ తింటడా అయ్యా?” అన్నది దాదీమా. “నా తప్పు తింటున్న అనుకుంటడు.”

అరవై రోజులూ అయ్యాయి. అరవై ఒకటోనాడూ పెట్టింది. అది ఆనాడు విరిగిన ఆ ఒక్క రోజుకు. ఇక తీర్చుకోలేదు గనుక దానికి ఫిదియా, ఒక పేదవాడి భోజనం. దాంతో లెక్క మూసేసి, కూతురిచేత కాగితంమీద రాయించి, ఖురాను పెట్టే గూట్లో పెట్టించింది.

అరవై రెండోనాడు పొద్దున తాత మామూలు వేళకే వచ్చి అరుగుమీద కూర్చున్నాడట. చెప్పటం మరచిపోయామమ్మా అని కూతురు నాలిక కరుచుకుంది. దాదీమా అప్పటికే పెనం మీద రెండో రొట్టె తిప్పుతున్నది.